వంక, బండ, సంతకం: మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక

ఎర్రగుంట్ల

సభ్యులందరికీ నమస్కారం.

నివేదిక ఆలస్యమైంది. తప్పు కార్యదర్శిది, అంటే నాదే. ఉగాది ముందు నెలంతా మా బండల ఫ్యాక్టరీలో ఏడాది లెక్కలు మూసే పని. రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చి మళ్లీ ఇంకో లెక్క ముందేసుకోవడం చేతకాలేదు. ఈ మాట ఊరికే చెప్పడం లేదు. ఈ కాగితాల్లో బండల ఫ్యాక్టరీల మీద, గనుల మీద, లారీల మీద కొన్ని నిష్ఠూరాలున్నాయి. రాసినవాడు కూడా బండల ఫ్యాక్టరీ గుమాస్తానే అని మీకు ముందే తెలియడం మంచిది. కాలనీలో ఆ జీతం తగలని ఇల్లు వెతికితే గానీ దొరకదు.

జరగని పని

ఈ ఏడాది పనుల్లో మొదట చెప్పాల్సింది మనం చేయలేకపోయినది. పోయిన సర్వసభ్య సమావేశంలో అందరం ఒప్పుకున్న విషయం ఒకటే: కాలనీ వెనక వంకలో తెల్ల బురద పోయడం ఆపించాలి. కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి బురద సంగతి కాస్త చెప్తాను. నాపరాయిని కోసేటప్పుడు బ్లేడు వేడెక్కకుండా నీళ్లు పోస్తూ కోస్తారు. పాలిష్ పట్టేటప్పుడూ అంతే. రాతిపొడి కలిసిన ఆ నీళ్లు పాలలాగా పారి తొట్టిలో చేరతాయి. పైన తేరిన నీళ్లు మళ్లీ మిషనుకే పోతాయి. అడుగున పేరుకున్నదాన్ని ట్రాక్టరుకెత్తి, ఫ్యాక్టరీ ఆవరణలోనో కేటాయించిన చోటనో పోయాలి. దూరం పోతే డీజిల్ ఖర్చు. వంక దగ్గర. అంతే కథ.

తడిగా ఉన్నప్పుడు కాలు దిగబడే బురద, ఎండితే పగుళ్లు వారిన సుద్ద, గాలి తోలితే ముఖానికి పౌడరు. చేలో చేరితే పైన పెచ్చు కట్టి వాననీళ్లను కిందికి దిగనివ్వదు. వంక అవతల శనగ వేసే నల్లరేగడి చేలు ఉన్నాయి. వాన గట్టిగా కురిసినప్పుడు గట్టు దాటి బురద వాటిలోకి పోవడం మీలో చాలామంది చూశారు.

అర్జీ నేనే రాశాను. ఇద్దరు కమిటీ సభ్యులతో కలిసి రెండు సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగాం. ఎవరూ కసురుకోలేదు. కుర్చీలు వేశారు, టీ ఇచ్చారు. "నిజమేన్నా, అంతా నిజమే. కానీ మావోడు ఆడనే గదా పనిచేసేది. రేపు గేటు కాడ నిలబెడ్తే ఏం జేయాల?" అన్నారు. ఒకింట్లో అల్లుడికి బండలు తోలే లారీ ఉంది. ఇంకో ఇంట్లో ఆ బురద ట్రాక్టరు నడిపేది సొంత బావమరిదే.

మూడో వీధిలో ఒక అక్క లోపలికెళ్లి కళ్లద్దాలు తెచ్చుకుని అర్జీ చివరిదాకా చదివింది. 'వానాకాలంలో పోస్తున్నారు' అని నేను రాసినచోట వేలు పెట్టి, "వానాకాలం ఏంది నాయనా, ఎండాకాలం కూడా పోస్తారు. రాత్రి పదకొండు దాటినాక వస్తాది ట్రాక్టరు, లైట్లు ఆర్పుకోని. మా కిటికీ కాడే గేరు మారుస్తాడు, ఆ సప్పుడుకే నాకు మెలకువ" అంది. పెన్ను అడిగింది. సంతకానికేమో అనుకున్నాం. 'వానాకాలంలో' కొట్టేసి పైన 'ఏడాది పొడుగునా' అని గుండ్రంగా రాసి, పెన్నుకు మూత పెట్టి నా చేతికిచ్చింది. సంతకం పెట్టలేదు. వాళ్ల కొడుకులిద్దరూ కటింగ్ మిషన్ల మీదే.

రెండో రోజు రాత్రి చూసుకుంటే అర్జీ మీద ఉన్నవి కమిటీ వాళ్ల సంతకాలే. నా సంతకం కూడా అన్నిటికన్నా కింద, ఇంటిపేరు లేకుండా ఉంది. ఇది రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. ఫ్యాక్టరీలొస్తే గాలి పాడవుతుంది, నీళ్లు పాడవుతాయి అని బడిలో పిల్లలు వ్యాసాలు రాస్తారు. మంచి మార్కులొస్తాయి. నోరు పడిపోతుందన్న సంగతి మాత్రం ఏ పిల్లవాడూ రాయడు, ఏ అయ్యవారూ చెప్పరు.

దారి చూపించింది మన కమిటీలోని రిటైర్డ్ టీచరుగారు. సంతకాలెందుకు, సంఘం తరఫున తీర్మానం చేద్దాం, మినిట్స్ పుస్తకంలో 'సభ ఏకగ్రీవంగా ఆమోదించింది' అని రాస్తే అందులో ఎవరి పేరూ ఉండదు కదా అన్నారు. శ్రీరామనవమి పందిరి విప్పకముందే అక్కడే సభ పెట్టాం. చేతులెత్తమంటే వెనక వరుసల దాకా లేచాయి. మూడో వీధి అక్క రెండు చేతులూ ఎత్తింది. ఒక్కటి చాలమ్మా అంటే అందరూ నవ్వారు. ఆ తీర్మానం కాపీయే అర్జీగా పంపాం. ఇకమీదట ఇలాంటి విషయాలన్నీ తీర్మానంగానే పోవాలని కమిటీ నిర్ణయించింది.

దాంతోపాటు సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టాం. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికైతే ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. బురద పోయడానికి కేటాయించిన స్థలం ఎక్కడ, ఏ షరతుల మీద ఫ్యాక్టరీలకు నడుపుకునే అనుమతి ఇచ్చారు అని అడిగాం. 30 రోజుల్లో జవాబివ్వాలి. మనకొచ్చింది జవాబు కాదు, మీ దరఖాస్తును ఫలానా ఆఫీసుకు పంపించామన్న కాగితం. అలా పంపడానికి చట్టంలో ఉన్న గడువు 5 రోజులు. ఆ కాగితం మీద తేదీ చూసి టీచరుగారు ఎర్ర పెన్ను తీశారు, అలవాటు ఎక్కడికి పోతుంది. అప్పీలు వేశాం, అది నడుస్తోంది.

ఈలోపు ఫ్యాక్టరీ ఓనర్లతోనే కూర్చున్నాం. వాళ్లలో కొందరు మనకు బంధువులే. వాళ్ల మాట కూడా ఇక్కడ రాయడం న్యాయం. ముంబైలో వంటగట్టుకు వేసే నల్లబండను ఇప్పటికీ 'కడప్పా' అనే అంటారు, జిల్లా పేరే రాయికి పెట్టుకున్నారు. కానీ టైల్స్ వచ్చినాక నేలకు బండ పరిచేవాళ్లు తగ్గిపోయారు. కరెంటు, బ్లేడ్లు, డీజిలు అన్నీ పెరిగాయి. "బురదకు కూడా డబ్బు పెట్టమంటే నేను మిషను ఆపేస్తా. అప్పుడు మీ కాలనీలో సగం మంది ఇంట్లో కూర్చుంటారు" అన్నాడు ఒకాయన. బెదిరింపుగా అనలేదు, విసుగ్గా అన్నాడు. పాడుబడిన గని గుంతలో పోద్దామని వాళ్లన్నారు. ఆ గుంతలో నీళ్లు గొర్రెలు తాగుతాయని మనం ఒప్పుకోలేదు. చివరికి కొందరు తమ ఆవరణలోనే గోడ కట్టి ఎండబెట్టడం మొదలుపెట్టారు. రాత్రి ట్రాక్టర్లు తగ్గాయి, ఆగలేదు. అక్క చెప్తూనే ఉంది.

ఈ బురద నిజానికి సున్నపురాయి పొడి. రాజస్థాన్‌లో పాలరాతి బురదను ఇటుకల్లో, రోడ్ల కింద వాడుతున్నారు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు పెట్టుకుని సున్నపురాయి పొడిని వంకలో పోసుకుంటున్నది మనమే. ఇది ఎవరికైనా లాభసాటి పని అవుతుందేమో కనుక్కోవడానికి మన కుర్రాళ్లలో ఇంజనీరింగ్ చదివినవాళ్లు ఇద్దరు ముందుకొచ్చారు.

నీళ్లు

మన కాళ్ల కింద ఉన్నది సున్నపురాయి జాతి. 1872లో అచ్చయిన భూగర్భ సర్వే నివేదికలోనే కడప, కర్నూలు రాతి పొరల వివరం ఉంది. ఈ రాయిని నీళ్లు నిదానంగా కరిగిస్తాయి. కరిగించి ఏం చేస్తాయో చూడాలంటే కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలకు పోవాలి. 3,229 మీటర్ల పొడవున నీళ్లు తొలిచిన సొరంగాలవి. మన బోర్ల కింద గుహలున్నాయని కాదు నేననేది. కానీ ఇక్కడ నీళ్లు పగుళ్లలో, సందుల్లో పోతాయి. ఇసుక నేలలో వడకట్టినట్టు ఇక్కడ వడకట్టదు. వంకలో పోసింది బోరులోకి రాదని ఎవరూ భరోసా ఇవ్వలేరు. పెద్ద గనిని లోతుకు తవ్వి ఊట నీళ్లు మోటార్లతో తోడేస్తే చుట్టుపక్కల బావుల మట్టం దిగిపోవడం కూడా ఈ పగుళ్ల వల్లే.

చందాలతో ఒక టీడీఎస్ మీటరు కొన్నాం. పెన్నంత ఉంటుంది, గ్లాసులో ముంచితే అంకె చూపిస్తుంది. తాగేనీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా పర్వాలేదు అని భారత ప్రమాణాలు చెప్తాయి. కాలనీ బోరు దగ్గర ముంచినరోజు చుట్టూ జనం మూగారు. నాలుక ఇన్నేళ్లుగా చెప్తున్నదే మీటరూ చెప్పింది. వీధివారీగా అంకెలు గుడి పక్క బోర్డు మీద అంటించాం.

ఒక హెచ్చరిక. ఆ మీటరు వచ్చినప్పటి నుంచి అంకె తక్కువుంటే నీళ్లు మంచివని మనవాళ్లు తీర్పులిస్తున్నారు. అది లవణాల మొత్తమే చూపిస్తుంది. ఫ్లోరైడు చూపదు, క్రిములను చూపదు. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుండాలి, ఎంత ఎక్కువైనా 1.5 దాటకూడదు. అది తేలాలంటే ల్యాబుకు పంపాలి. రెండు బోర్ల నీళ్లు పంపాలని తీర్మానించాం, ఇంకా పంపలేదు. సీసాలు కడిగి పెట్టుకున్నవి మా ఇంట్లోనే ఉన్నాయి.

గుడి వెనక దిగుడుబావి సంగతి కొందరు అడిగారు. దాన్ని తెరిపించలేం. మా తరం సొరబుర్ర నడుముకు కట్టుకుని ఈత నేర్చింది అందులోనే. ఆడవాళ్లు పొద్దున్నే బిందెలతో వచ్చి ఊరి కబుర్లన్నీ అక్కడే పంచుకునేవాళ్లు. నీళ్లు ఎండాక ఎవరో ఒక ట్రాక్టరు చెత్త బండ పోశారు. తర్వాత ఇంకొకరు. ఇప్పుడు మెట్లలో పై నాలుగే కనిపిస్తున్నాయి. మిగతా కబుర్లు క్యాన్ల ఆటో వచ్చినప్పుడు గేటు దగ్గర నిలబడి మాట్లాడుకునేంతే. బోరు నీళ్లు ఊరివి, క్యాను నీళ్లు కొన్నవి. రెండూ ఒక భూమిలోవే.

ఊపిరి

వైద్య శిబిరానికి అనుకున్నదానికన్నా ఎక్కువమంది వచ్చారు. బీపీ, షుగరు చూపించుకోవడానికి వచ్చినవాళ్లే ఎక్కువ. దగ్గు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు దగ్గర కూర్చున్నాక గానీ దగ్గు సంగతి ఎత్తలేదు. ఎక్కడ పని చేస్తావు అని డాక్టరు అడిగితే ఒకతను తల తిప్పి నా వైపు చూశాడు. నేను బయటికొచ్చేశాను.

డాక్టరు చెప్పినవాటిలో గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్నే. కంటికి కనిపించే దుమ్ము ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. కనిపించని సన్నపొడి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. రాతిలో ఇసుక పాలు, అంటే సిలికా, ఎంత ఎక్కువుంటే అంత ప్రమాదం. నాపరాయిలో గ్రానైట్‌లో ఉన్నంత ఉండదు గానీ అసలు లేకుండా పోదు. సిలికోసిస్ వచ్చాక నయం కాదు, ముదరకుండా చూసుకోవడమే. అది వృత్తి వల్ల వచ్చే జబ్బుల జాబితాలో ఉన్నది, నిర్ధారణ అయితే పరిహారం అడిగే హక్కు ఉంది.

తుండుగుడ్డ గురించి. కోత నీళ్లతోనే కాబట్టి అక్కడ దుమ్ము తక్కువ. అంచులు చెక్కేటప్పుడు, చేతిమిషనుతో సైజులు సరిచేసేటప్పుడు మాత్రం పొడిగానే చేస్తారు. ముక్కుకు తుండుగుడ్డ చుట్టుకుంటారు. సాయంత్రం దులిపితే ఆ గుడ్డలోంచి రాలే పొడి చూసి, ఇంత ఆపింది కదా అనుకుంటాం. ఆపింది లావు పొడిని. సన్నది ఆ నేతలోంచి దూరిపోతుంది. బిగువుగా పట్టే మాస్కు కావాలి, అంతకన్నా ముందు అంచు మీద కూడా సన్నగా నీళ్లు పడే ఏర్పాటు కావాలి. ఒక ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ సీసాకు తూటు పెట్టి గ్లూకోజు పైపుతో నీళ్లు బొట్లుబొట్లుగా వదులుతున్నారు. కుర్రాళ్ల సొంత తెలివి. పెద్ద ఖర్చు కాదు. మా ఓనరుకు చూపిస్తానని మాటిచ్చాను, చూపించాను, ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడు.

ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా కార్డు లేనివాళ్లే శిబిరంలో ఎక్కువగా కనిపించారు. పదిమంది, ఆపైన పనిచేసే ఫ్యాక్టరీలో నెలకు 21,000 రూపాయల దాకా జీతమున్న ప్రతివాళ్లకూ అది రావాలి. జీతంలో మన వంతు 0.75 శాతం, యజమాని వంతు 3.25 శాతం. చాలాచోట్ల కూలీల్ని మేస్త్రీల కింద విడగొట్టి, రిజిస్టరులో ఏడెనిమిది మందికి మించకుండా చూసుకుంటారు. రిజిస్టర్లు రాసేది నాలాంటి గుమాస్తాలే కాబట్టి ఇంతకన్నా వివరంగా రాయను.

రాళ్ల జిల్లా

యువకులు కొందరు ఒక తీర్మానం తెచ్చారు: పరిశ్రమలన్నిటినీ వ్యతిరేకించాలని. ఇంకొందరు దానికి ఎదురు తీర్మానం తెచ్చారు: స్టీల్ ప్లాంటు వెంటనే కట్టాలని. రెండిటి మీద గంటన్నర వాదన జరిగింది, టీ రెండుసార్లు తెప్పించాం.

మొదటిదాని మీద పెద్దవాళ్లు చెప్పింది ఇది. మన ప్రాంతంలో 80ల నాటి సిమెంటు ఫ్యాక్టరీలు రాకముందు కరువొచ్చిందంటే గొడ్లను అమ్ముకోవడం, వలసపోవడం. ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రంలో తొలి యూనిట్ 1994లో మొదలైంది. తర్వాత పెరుగుతూ 2018 నాటికి 1,650 మెగావాట్లకు చేరింది. మన పిల్లల్లో డిప్లొమాలు చదివినవాళ్లకు అక్కడో, సిమెంటులోనో ఒక దారి కనిపించింది. చవుడు మిద్దెలు పోయి స్లాబు ఇళ్లొచ్చాయి. ఆడపిల్లలు డిగ్రీలు చదివారు. ఇవన్నీ ఆ పొగగొట్టాల కిందే జరిగాయి. కాదనగలమా?

కాదనలేం. కానీ ఏ రేటుకు కొనుక్కున్నామో కూడా చూసుకోవాలి. సిమెంటు కోసం సున్నపురాయిని బట్టీలో 1,450 డిగ్రీల దాకా కాలుస్తారు. బొగ్గు పొగ ఒక ఎత్తు, రాయి తన లోపలి నుంచి వదిలే కార్బన్ డయాక్సైడు ఇంకో ఎత్తు. సగం పైన ఆ రాతిలోంచే వస్తుంది. బొగ్గు మానేసి సూర్యుడితో కాల్చినా అది ఆగదు. అందుకే థర్మల్ బూడిదను సిమెంటులో 35 శాతం దాకా కలపనివ్వడం మంచి పద్ధతే, అంతమేరకు రాయి కాల్చే పని తప్పుతుంది. ఒక ఫ్యాక్టరీ చెత్త ఇంకో ఫ్యాక్టరీకి సరుకు. మన బురదకే ఆ యోగం పట్టలేదు.

పొలాలు అమ్మినవాళ్ల సంగతి వేరే రాయాలి. గనికి అమ్మితే ఎకరాకు కళ్లు తిరిగే డబ్బొచ్చింది. కొందరు ప్రొద్దుటూరులో ఇళ్లు కొన్నారు, లారీలు కొన్నారు. కొందరి డబ్బు పెళ్లిళ్లకు, బైకులకు పోయింది. ఒకప్పుడు తన చేలో పదిమందికి కూలి ఇచ్చిన పెద్దాయన ఒకరు ఇప్పుడు ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర రాత్రి వాచ్‌మన్. ఆ ఫ్యాక్టరీ ఆయన చేను ఉన్నచోటే ఉంది. ఆయన ఎప్పుడూ ఫిర్యాదుగా చెప్పడు. "ఈడనే బాయి ఉండె" అని కాటా ఉన్న వైపు చూపిస్తాడు.

ఇక స్టీల్ ప్లాంటు. 2014 విభజన చట్టంలో మన జిల్లాకు దాని సాధ్యాసాధ్యాలు చూడాలని రాశారు. 2007లో ఒకసారి, 2018లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి శంకుస్థాపనలు జరిగాయి. రాళ్ల జిల్లా కదా, వేయడానికి రాళ్లకు కొదవ లేదు. ఉక్కుతో మొదలుకాబోయే ఉద్యోగాల కోసం ఐటీఐ చేసి, వయసు దాటిపోయినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. అందుకని రెండు తీర్మానాల్లో ఏదీ పెట్టలేదు. ఏ పరిశ్రమ వచ్చినా, ఉన్నది పెరిగినా మన సంఘం మూడు లెక్కలు అడగాలని మాత్రం నిర్ణయించాం: నీళ్లు ఎక్కడివి, చెత్త ఎక్కడికి, పర్మినెంటు ఉద్యోగాలు ఎన్ని. 2019లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని రాష్ట్రం చట్టం చేసింది. ఆ శాతం కాంట్రాక్టు గేట్ పాసుల్లో చూపిస్తారా, పర్మినెంటు జాబితాలోనా అన్నదే మన పట్టుదల.

అద్దెకున్నవాళ్లు

ఎక్కువ గొడవ జరిగింది దీని మీదే. బీహారు, ఒడిశాల నుంచి వచ్చి లోడింగు, పాలిష్ పనులు చేసే కుర్రాళ్లు మన కాలనీలో గదికి ఐదారుగురు చొప్పున ఉంటున్నారు. వాళ్లకు సభ్యత్వం ఇవ్వాలా? ఇస్తే రేపు ఓట్లడుగుతారని ఒకరు, వాళ్లొచ్చాకే కూలి రేట్లు పడిపోయాయని ఒకరు. అద్దె మాత్రం తలకింతని వసూలు చేస్తున్నాం కదన్నా అని ఒక సభ్యురాలు అనేసరికి కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మన తాతలు కరువులో బెంగుళూరు, బొంబాయి పోయినప్పుడు ఏ కాలనీ సంఘం వాళ్లను సభ్యులుగా చేర్చుకుందో నాకు తెలియదు గానీ, మనం చేర్చుకున్నాం. సగం చందా, మాట్లాడే హక్కు ఉంది, పదవులకు పోటీ లేదు. ఇది అర్ధ న్యాయమే అని నా ఉద్దేశం. వచ్చే సభలో మళ్లీ చర్చకు పెడతాను.

మొదట మాట్లాడిన కుర్రాడు ఫ్యాక్టరీలో నేర్చుకున్న తెలుగులో మాట్లాడాడు. ఆ తెలుగులో సగం బండ సైజులు, సగం తిట్లు. పాపం, తిట్లని తెలియక వాడాడు. అడిగింది మాత్రం సూటిగా ఉంది: గదికి ఒక్క బాత్‌రూమ్ కాదు, రెండు కావాలి.

ప్రజాభిప్రాయ సేకరణ

ఒక ఫ్యాక్టరీ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే సంఘం తరఫున నలుగురం వెళ్లాం. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, ప్రాజెక్టు సారాంశం తెలుగులో కూడా అందుబాటులో పెట్టాలి. కలెక్టరుగానీ, ఆయన తరఫున తగిన హోదా ఉన్న అధికారిగానీ సభ నడపాలి. షామియానా, కూలర్లు, మజ్జిగ ప్యాకెట్లు, అన్నీ ఉన్నాయి. ముందు వరుసల్లో కూర్చున్నవాళ్లను ఏ బస్సులో తెచ్చారో మేం చూశాం. మాట్లాడినవాళ్లంతా పరిశ్రమ రావాలి, రావాలి అన్నారు. మన టీచరుగారు లేచి నీళ్లు, చెత్త, ఉద్యోగాలు అని మూడే ప్రశ్నలు అడిగి కూర్చున్నారు. చప్పట్లు పడలేదు.

సభ ముగిసిందని ప్రకటించి కుర్చీలు కదులుతున్నప్పుడు ఆయన మళ్లీ లేచారు. సభలో వచ్చిన అభిప్రాయాలను రాసుకున్నదాన్ని చివర్లో అందరికీ తెలుగులో చదివి వినిపించాలని నోటిఫికేషన్‌లో ఉంది, చదవండి అన్నారు. వేదిక మీద కాగితాలు అటూ ఇటూ కదిలాయి. చదివారు. మూడు ప్రశ్నల్లో రెండే ఉన్నాయి, ఉద్యోగాలది లేదు. రాసేదాకా ఆయన నిలబడే ఉన్నారు. రాశారు. ఆ పూటకు మనం సాధించింది అంతే, ఒక వాక్యం. వయసు డెబ్భై దాటిన మనిషి, ఆ ఎండలో.

గనుల వాళ్లు రాయల్టీ కట్టడమే కాక, దానికి అదనంగా జిల్లా ఖనిజ నిధికి కూడా కట్టాలని 2015లో చట్టం వచ్చింది. పాత లీజులైతే రాయల్టీ మీద 30 శాతం, వేలంలో పొందినవైతే 10 శాతం. గనుల వల్ల నష్టపోయిన ఊళ్లలో తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం లాంటివాటికి ముందు ఖర్చు పెట్టాలి. మన బోరుకు పెద్ద ఫిల్టరు ఆ నిధి కిందే అడగాలని అర్జీ సిద్ధం చేశాం. ఇదీ తీర్మానంగానే, సంతకాలు లేకుండా.

మిగతావి

లారీల సంగతి సగం తెగింది. పట్ట కప్పకుండా కాలనీ రోడ్డులో వచ్చే వాటి నంబర్లు రాసి పెట్టమని బడి పిల్లలకు చెప్పాం. వాళ్లు ఉత్సాహంగా ఆటోల నంబర్లు కూడా రాశారు. ఇప్పుడు చాలామంది డ్రైవర్లు మలుపు దగ్గర ఆగి పట్ట లాగి కడుతున్నారు, మలుపు దాటాక ఏం చేస్తారో చూడలేదు. నివాస ప్రాంతంలో రాత్రి చప్పుడు 45 డెసిబెల్స్ మించకూడదని నిబంధన. దాన్ని హారను కొట్టే డ్రైవరుకు చెప్పి చూడండి.

వంక గట్టున కానుగ, వేప మొక్కలు నాటాం. కానుగలు బతికాయి. వేపల్ని మేకలు తిన్నాయి, మేకలు ఎవరివో కమిటీకి తెలుసు. జమాఖర్చులు సభలో చదివాం, నకలు బోర్డు మీద ఉంది. చందా బాకీ ఉన్నవాళ్ల పేర్లు అంటించవద్దని మహిళా సభ్యులు కోరినందున అంటించలేదు.

చివరగా, టీడీఎస్ మీటరు మూడు వారాలుగా కనిపించడం లేదు. రెండో వీధిలో చివరిసారి వాడారని తెలిసింది. ఎవరింట్లో ఉన్నా టీచరుగారికి అందజేయగలరు. బ్యాటరీ కూడా అయిపోవచ్చింది, కొత్తవి కొని మా ఇంట్లో సీసాల పక్కనే పెట్టాను.

ఇట్లు
కార్యదర్శి